ఆటకు ఒక తలుపు

మన ఇళ్ళలో కొన్ని వస్తువులకు స్థిరమైన చోటు ఉంటుంది. రెహల్ ఎక్కడ ఉండాలో, జానమాజు ఏ అరలో మడిచి పెట్టాలో, మంచినీళ్ళ బిందె ఏ మూల నిలపాలో ఆరేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు. ఎవరూ వాడిని కూర్చోబెట్టి చెప్పి ఉండరు. చోటును చూసి వాడే నేర్చుకుంటాడు. ఏ వస్తువును ఎంత గౌరవించాలో, ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు వదిలిపెట్టాలో ఇల్లు అమరిన తీరే చాలావరకు చెప్పేస్తుంది. ఈ నెల మన శీర్షికకు వచ్చిన ప్రశ్న కూడా చోటుకు సంబంధించినదే. అయితే ఈసారి అడుగుతున్నది గ్రంథానికి చోటు కాదు, ఆటకు.

గాజువాక నుండి ఒక పాఠకుడు ఉత్తరం వ్రాశారు. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేసి సొంత ఇంటికి మారేటప్పుడు అటక మీది అట్టపెట్టెలో నుండి కుమారులు చిన్ననాడు ఆడుకున్న వీడియో గేములు బయటపడ్డాయట. 1990ల నాటి ఎనిమిది బిట్ల ‘టీవీ గేమ్’ ఒకటి, దాని క్యాసెట్లు పదిహేను, తర్వాత కొన్న ప్లేస్టేషన్ 2, పెద్ద కుమారుడు దుబాయి నుండి తెచ్చిన సెగా పెట్టె. వీటితోపాటు షట్టరు తలుపులున్న టేకు టీవీ స్టాండు కూడా ఉన్నది. కొత్త టీవీ గోడకెక్కిన తర్వాత ఆ స్టాండు ఖాళీగా పడి ఉన్నది. వడ్రంగిని పిలిపించి ఈ మూడు పెట్టెలనూ అందులో అమర్పించాలని ఆయన కోరిక. సెలవులకు వచ్చిన మనవలు ఒక్కొక్కరు ఒక్కొక్క మూల ఫోను పట్టుకొని కూర్చోకుండా ఒకచోట చేరుతారని ఆయన ఆశ. భార్య సమ్మతించారు. తల్లిగారు మాత్రం, “ఫోన్లు చాలవని నట్టింట్లో ఆటకు టేకు సింహాసనం కూడా వేయిస్తావా?” అని అడిగారట. ఇది దుబారానా, ఇంటికి పనికివచ్చే పనేనా చెప్పమని ఆయన ప్రశ్న.

ఆ పెద్దావిడ మాటను తేలికగా తోసిపుచ్చకూడదు. ఇంటి నడుమ దేనికి చోటిస్తే దానికి విలువ ఇచ్చినట్లే అవుతుందన్నది ఆమె అభ్యంతరం. అందులో నిజం ఉన్నది. అందువల్ల వడ్రంగి పనికి వెళ్ళకముందు, ఈ ఆటలకూ కర్ర సామానుకూ ఉన్న సంబంధం ఎక్కడిదో చూద్దాం.

టీవీకి తగిలించి ఆడే ఆట మొదటినుండీ కర్ర వేషంలోనే ఇంట్లోకి వచ్చింది. జర్మనీ నుండి 1938లో అమెరికాకు శరణార్థిగా చేరిన రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు 1966లో ఈ ఆలోచన చేశాడు. తన సహచరులతో కలిసి 1968 నాటికి ఒక నమూనా సిద్ధం చేశాడు. లోహపు పెట్టె చూడటానికి బాగుండదని దానిపై కర్ర చారల అంటుకాగితం అతికించారు. అందుకే దానికి ‘బ్రౌన్ బాక్స్’ అని పేరు వచ్చింది. దాని ఆధారంగా 1972లో మాగ్నవాక్స్ సంస్థ ‘ఒడిస్సీ’ అనే ఆటపెట్టెను అమ్మకానికి తెచ్చింది. ఇళ్ళలో ఆడుకునే వీడియో గేములలో అదే మొదటిది. 1977లో వచ్చిన అటారి పెట్టె ముందుభాగం కూడా కర్రను పోలి ఉండేది. ఆ కాలంలో టీవీలూ రేడియోలూ ఫర్నిచరులో భాగం కనుక వాటి పక్కన ఒదిగిపోవాలని అలా చేశారు.

జపానులో మరొక విధంగా జరిగింది. 1978లో టైటో సంస్థ తరఫున తొమొహిరో నిషికాదో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ ఆట కాఫీ హోటళ్ళలోని బల్లలలోనే అమరి వచ్చింది. అద్దం పలక కింద తెర, బల్లకు చెరొకవైపు ఒక కుర్చీ. కాఫీ కప్పు పెట్టుకొనే చోటే ఆట. అంటే ఆటను ఫర్నిచరులో బిగించడం నేటి వింత కాదు, దానికి యాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది.

మన ఇళ్ళ సంగతికి వద్దాం. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి దూరదర్శన్‌లో రంగుల ప్రసారం మొదలైంది. ఆ దశాబ్దంలో మన రాష్ట్రంలో టీవీ కొన్న ఇల్లు దానికి కర్రతో ఒక గూడు కూడా చేయించుకునేది. హైదరాబాదులోని ఈసీఐఎల్ వారి ‘ఈసీ టీవీ’ అయినా, మద్రాసు నుండి వచ్చిన సాలిడేర్, డయనోరాలు అయినా సరే, ముందు జరిపే తలుపులు, వాటికి తాళం, పైన కుట్టుపని చేసిన గుడ్డ. ఆ తలుపులు దుమ్ము కోసమని పెద్దలు చెప్పేవారు. అసలు ఉపయోగం వేరే ఉండేది. వార్తలు అయిపోగానే తలుపు జరిపితే చూడటం అయిపోయినట్లు. అజాన్ వినబడితే తలుపు పడేది, పరీక్షల నెలలో తాళమూ పడేది. అతిథి వచ్చినప్పుడు ఆ తలుపు వేయడం మర్యాద. ఆ ఇంటి పిల్లలకు టీవీ అంటే వేళ ఉన్న వస్తువని తెలిసేది. నేడు టీవీ గోడపై పటంలా అతుక్కున్నది, దానికి వేయడానికి తలుపు లేదు. ఫోనుకైతే చోటు కూడా లేదు, అది జేబులోనే ఉంటుంది.

ఇక ఆ అట్టపెట్టెలోని పెట్టెలు ఎటువంటివో గమనించండి. 1983 జూలై 15న జపానులో నింటెండో సంస్థ ‘ఫామికాం’ అనే ఆటపెట్టెను విడుదల చేసింది. దానిని అనుకరించి తైవాను మొదలైన చోట్ల చేసిన చవక పెట్టెలే తరువాతి దశాబ్దంలో మన బజార్లను నింపాయి. వాటిని పిల్లలు ‘టీవీ గేమ్’ అనేవారు. అందులో పెట్టే కార్ట్రిడ్జిని టేపురికార్డరు అలవాటు కొద్దీ ‘క్యాసెట్’ అన్నారు. పెట్టె ధర మోయలేని ఇళ్ళ పిల్లలు గంటకు ఇంత అని చెల్లించి దుకాణాలలో ఆడుకునేవారు. నేడు ముప్పై అయిదు, నలభై అయిదేళ్ళ మధ్యనున్న మన పాఠకులలో మారియోనూ, కాంట్రానూ ఎరుగని వారు తక్కువ. ‘పైకి, పైకి, కిందికి, కిందికి’ అని మొదలయ్యే మీటల వరుస నొక్కితే కాంట్రాలో ముప్పై ప్రాణాలు వస్తాయని వారిలో చాలామందికి నేటికీ గుర్తుంటుంది.

ఆ ఆటలకు రెండు గుణాలు ఉన్నాయి. మొదటిది, వాటికి ముగింపు ఉన్నది. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో ఎనిమిది లోకాలు, ఒక్కొక్క దానిలో నాలుగేసి దశలు, మొత్తం 32. మొదట మూడు ప్రాణాలు ఇస్తారు. అవి పోతే ఆట ముగిసినట్లు తెరపై వస్తుంది. ఎక్కడ ఆపామో దాచుకొనే వీలు కూడా అందులో లేదు. స్విచ్చి తీస్తే రేపు మళ్ళీ మొదటినుండి ఆడవలసిందే. రెండవది, వాటిని ఆడటానికి పక్కన మనిషి కావాలి. పెట్టెకు రెండు రిమోట్లు ఉండేవి. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు తమ వంతు కోసం ఎదురుచూసేవారు, లేదా కాంట్రాలో లాగా ఇద్దరూ భుజం కలిపి ఆడేవారు. అసలు ఫామికాం రిమోట్ల తీగ మీటరు పొడవైనా ఉండదు. ఆడేవారు నేలపై దగ్గరగా కూర్చోవలసిందే. తీగ ఎంత దూరం వస్తే ఆట అంతవరకే. వంటగది నుండి అమ్మ చూసినా, వసారా నుండి దాదీ చూసినా ఎవరు ఆడుతున్నారో, ఎంతసేపటి నుండి ఆడుతున్నారో తెలిసిపోయేది.

ఫోనులోని ఆటలలో చాలా వాటికి ఈ రెండూ లేవు. అవి ముగియవు. నిన్న ఎన్ని రోజులు వరుసగా ఆడావో లెక్క చూపిస్తాయి, ఈ రోజు రాకపోతే ఏమి పోతుందో గుర్తుచేస్తాయి, ప్రాణాలు అయిపోతే డబ్బు పెట్టి కొనమంటాయి. ఏమి వస్తుందో తెలియని మూసిన పెట్టెను డబ్బుకు అమ్మే ఆటలు కూడా ఉన్నాయి. పిల్లవాడు దుప్పటి కింద ఆడుతున్నా పక్కవారికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణలో ‘గేమింగ్ డిజార్డర్’ను చేర్చింది. అది 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ఎక్కువసేపు ఆడినంత మాత్రాన దానిని రోగమనరు. ఆటపై అదుపు పోవడం, మిగతా పనులన్నిటి కంటే ఆటే ముందుకు రావడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు సాగడం దాని లక్షణాలు.

డబ్బు పెట్టే ఆటల సంగతి మరింత తీవ్రమైనది. మన రాష్ట్రం 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, అది నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. జూదం మన ధర్మంలో ఏ స్థానంలో ఉన్నదో పాఠకులకు చెప్పనవసరం లేదు. వినోదానికి ఆడుకొనే ఆటనూ, లాభనష్టాలు ఒడ్డే ఆటనూ మన విద్వాంసులలో చాలామంది ఒకే గాటన కట్టలేదు. అటక మీది ఆ మూడు పెట్టెలకు ఇంటర్నెట్టుతో పనిలేదు, పర్సుతోనూ పనిలేదు. క్యాసెట్టు పెట్టి మీట నొక్కితే ఆట వస్తుంది, తీస్తే పోతుంది.

కనుక మన పాఠకుని ఆలోచనలో మేలు ఉన్నదనే నా అభిప్రాయం. అయితే అది పెట్టెల పాతదనం వల్ల వచ్చే మేలు కాదు. పాత ఆటలలోనూ కాల్పులూ చంపుళ్ళూ ఉన్నవి ఉన్నాయి. ప్లేస్టేషన్ 2కు వచ్చిన ఆటలలో పిల్లలకు ఏమాత్రం తగనివి కొన్ని ఉన్నాయి కూడా. ఒక్కొక్క డిస్కునూ పెద్దలు స్వయంగా ఆడి చూసి, తగనివి ఏరి పక్కన పెట్టాలి. అసలు మేలు ఆటకు చోటూ, తలుపూ ఏర్పడటంలో ఉన్నది. తలుపు పెట్టకుండా కేవలం అందంగా అమర్చి, దీపాలు బిగించి, ఎప్పుడు పడితే అప్పుడు ఆడనిస్తే తల్లిగారు భయపడినట్లు అది సింహాసనమే అవుతుంది.

ఇక చేయించే విధానం. ఈ విషయంలో కొన్ని జాగ్రత్తలు తెలియకపోతే పెట్టెలూ పాడవుతాయి, ఇంటికీ ప్రమాదం.

అన్నిటికంటే ముందు, ఆటపెట్టెను కోయవద్దు. దానిని విప్పి లోపలి బోర్డును చెక్కకు బిగించమని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే తర్వాత మరమ్మతు కష్టం. పెట్టె ఉన్నదున్నట్లు జారే పలకపై కూర్చోవాలి. సొరుగులకు బిగించే ఛానళ్ళపై పలకను అమరిస్తే ఆడేటప్పుడు ముందుకు లాగవచ్చు, ముగిశాక లోపలికి నెట్టి తలుపు వేయవచ్చు. తీగ చిన్నదైన పాత రిమోట్లకు ఈ ఏర్పాటు మరీ అవసరం. క్యాసెట్టు పైనుండి పెట్టే పెట్టె అయితే దాని పైన చేయి ఆడేంత ఖాళీ ఉండాలి. డిస్కు పళ్ళెం ముందుకు వచ్చే పెట్టె అయితే తలుపుకు తగలకుండా చూడాలి. ఈ కొలతలు వడ్రంగికి నోటితో చెబితే చాలదు. పెట్టెలను అతని ముందే పెట్టి, వైర్లు తగిలించి చూపించండి. వెనుక వైరు వంగడానికి కూడా మూడు నాలుగు అంగుళాలు కావాలన్న సంగతి చాలామంది మరచిపోతారు.

రెండవది వేడి. ఎనిమిది బిట్ల పెట్టె తినే కరెంటు అతి తక్కువ, పది వాట్లకు లోపే. దానితో బెంగ లేదు. ప్లేస్టేషన్ 2లో గాలి పంకా ఉంటుంది, దానికి వెనుక దారి కావాలి. తర్వాతి కాలపు పెట్టెలైతే ఇంకా ఎక్కువ వేడెక్కుతాయి. అందువల్ల స్టాండు వెనుక పలకను పూర్తిగా తీసివేయడమో, దానిలో పెద్ద రంధ్రాలు చేయించడమో తప్పనిసరి. ఆడేటప్పుడు ముందు తలుపు తెరిచే ఉంచాలి. అడాప్టర్లను గుడ్డల కింద, కాగితాల మధ్య పెట్టకూడదు.

మూడవది కరెంటు. దుబాయిలో మన దేశంలో లాగానే 230 వోల్టుల ప్రాంతపు సరఫరా ఉన్నది. అక్కడి పెట్టెకు పిన్నుల తేడా తప్ప ఇబ్బంది ఉండదు. అమెరికా నుండి వచ్చిన పాత పెట్టెల అడాప్టర్లు 120 వోల్టులవి, జపానువి 100 వోల్టులవి. వాటిని మన ప్లగ్గులో నేరుగా పెడితే క్షణంలో కాలిపోతాయి. వాటికి వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. అడాప్టరు పోతే బజారులో దొరికిన ఏదో ఒకటి తెచ్చి గుచ్చకండి. పిన్ను సరిపోయినా ప్లస్సు మైనస్సులు తారుమారై ఉండవచ్చు. పెట్టె అడుగున వ్రాసి ఉన్నదానితో సరిచూసుకోవాలి. అన్ని పెట్టెలకూ కలిపి స్టాండు బయట, పెద్దవారి చేతికి అందే ఎత్తులో ఒకే స్విచ్చి పెట్టించండి. భద్రతకూ అదే, క్రమశిక్షణకూ అదే.

నాలుగవది తెర. పాత పెట్టెలు పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులతో బొమ్మా ధ్వనీ పంపుతాయి. కొత్త టీవీలలో కొన్నింటికి ఆ రంధ్రాలు లేవు. హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పరికరాలు దొరుకుతాయి. తుపాకి ఆట మాత్రం కొత్త టీవీపై పనిచేయదు. ‘డక్ హంట్’లో మీట నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. తుపాకి ఆ వెలుగును పట్టుకుంటుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీ ఆ క్షణంలోనే వెలుగు చూపేది, కొత్త టీవీ కొంత ఆలస్యంగా చూపిస్తుంది. అందుకే గురి తప్పుతుంది. అది కావాలనుకొని పాత ట్యూబు టీవీని తెస్తే దాని బరువుకు తగిన బలం స్టాండుకు ఉండాలి. పిల్లల మీద పడకుండా స్టాండును గోడకు బిగించాలి. ఆ టీవీని విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దాని లోపల ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

అయిదవది మన విశాఖకు ప్రత్యేకమైనది. సముద్రపు గాలి ఇక్కడ దేనినీ వదలదు. కిటికీ ఊచలు, తలుపు బందులు ఎలా తుప్పు పడతాయో మనకు తెలుసు. క్యాసెట్టు అడుగున ఉండే రాగి పట్టీలు కూడా అలాగే చిలుము పడతాయి. బొమ్మ రాకపోతే క్యాసెట్టులో నోటితో ఊదడం మన పిల్లలందరి అలవాటు. నోటి తేమ వలన చిలుము ఇంకా పెరుగుతుంది. ఇయర్ బడ్డును ఐసోప్రొపైల్ స్పిరిట్టులో ముంచి తుడవడమే సరైన పద్ధతి. బందులూ మేకులూ ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో వేయించండి. కొత్తగా పలకలు చేర్చవలసి వస్తే నీటికి తట్టుకొనే మెరైన్ ప్లైవుడ్ వాడండి. పాత టేకును మాత్రం మార్చవద్దు, దానికి చెదల భయం తక్కువ. తేమ పీల్చే సిలికా పొట్లాలు రెండు మూడు లోపల పడవేయండి. క్యాసెట్లను సొరుగులో నిలువుగా, మూతలతో దాచండి.

సొరుగుల పిడుల విషయంలో ఒక మాట. మన పొరుగున అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అక్కడి పనివారు అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కకు ప్రకృతి రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కర్రతో చిన్న పిడులు చేయించుకుంటే మన మండలపు పనివానికి పని దొరుకుతుంది. ఒక్కొక్క మనవడికి ఒక్కొక్క రంగు పిడిగల సొరుగు ఇవ్వండి, వారి రిమోటును వారే తుడిచి దాచుకుంటారు.

కొందరు ఈ కష్టమంతా ఎందుకని, వేలకొద్దీ ఆటలు నింపిన చిన్న పరికరం కొని పెట్టమంటారు. 2012లో బ్రిటనులో వచ్చిన రాస్‌బెర్రీ పై వంటి అరచేతి కంప్యూటరుతో పాత ఆటలను ఆడించడం సాధ్యమే. ఆ పరికరంలో తప్పు లేదు. అందులో నింపి అమ్మే ఆటలు మాత్రం సాధారణంగా సొంతదారుల అనుమతి లేని నకళ్ళు. 1988లో కువైటులో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ రచయితల, ఆవిష్కర్తల హక్కులు రక్షింపదగినవని తీర్మానించింది. ఆ తీర్పు ఆటలు చేసినవారి శ్రమకూ వర్తిస్తుందని నా భావన. పాత ఆటలను సంస్థలే సక్రమంగా అమ్మిన సందర్భాలున్నాయి. 2016లో నింటెండో 30 పాత ఆటలను నింపి ఒక బుల్లి పెట్టెను విడుదల చేసింది. మరొక సంగతి, వేల ఆటలు ఉన్నచోట ఏ ఆటా పూర్తికాదు. పదిహేను క్యాసెట్లున్న పిల్లవాడు ఒకదానిని చివరిదాకా ఆడతాడు. మూడు వేల ఆటలున్నవాడు మీటలు తిప్పుతూ కూర్చుంటాడు.

ఇప్పుడు తలుపు సంగతి. స్టాండు హాలులోనే ఉండాలి, పిల్లల పడకగదిలో కాదు. నమాజు చేసుకొనే వైపు దాని ముఖం ఉండకూడదు. మన ఊరిలో మరొక అంశం కూడా గమనించాలి. కర్మాగారాలలోనూ, పోర్టులోనూ పనిచేసే ఇళ్ళలో నైట్ డ్యూటీ చేసి వచ్చినవారు పగలు నిద్రపోతారు. ఆ ఇళ్ళలో ఆటవేళ గడియారాన్ని బట్టి కాక డ్యూటీ చార్టును బట్టి ఉండాలి. నిద్రించే మనిషి కోసం తలుపు వేసి ఊరుకోవడం పిల్లవాడికి ఏ ఉపన్యాసమూ నేర్పలేని మర్యాదను నేర్పుతుంది. వేళ ఎంత అన్నది పిల్లలతో కూర్చొని ముందే నిర్ణయించండి. ఆట మధ్యలో స్విచ్చి తీయడం కంటే, ‘ఈ మూడు ప్రాణాలు అయిపోతే తలుపు’ అనడం న్యాయం. ఆ ఆటలు అలాంటి నియమానికి అనువుగా తయారైనవే. ఆ సమయంలో ఇంట్లో పెద్దల ఫోన్లు కూడా అదే స్టాండులోని ఒక సొరుగులో ఉండాలి. లేకపోతే పిల్లలు ఆ తలుపును నమ్మరు.

అప్పుడప్పుడు పెద్దలు కూడా రెండవ రిమోటు పట్టుకోవాలి. దైవప్రవక్త (స) తన ఇంటివారి ఆటలను చిన్నచూపు చూడలేదు. హజ్రత్ ఆయిషా (రజి) చిన్ననాటి బొమ్మలను గురించీ, మస్జిదు ఆవరణలో హబషీల ఈటెల విన్యాసాన్ని ఆమె తనివితీరా చూసేవరకు ఆయన ఓపికగా నిలబడిన ఘట్టాన్ని గురించీ హదీసులు చదివినవారికి తెలుసు. పక్కన నిలబడటానికి సమయం ఇవ్వకుండా కేవలం నిషేధించే పెద్దరికం పిల్లలను దుప్పటి కిందికి పంపుతుంది.

ఇక తల్లిగారి అభ్యంతరం. సోదరా, ఆమెను ఒప్పించే ప్రయత్నం చేయకండి, ఆమెకు అధికారం ఇవ్వండి. తలుపుకు తాళం వేయించి తాళంచెవి ఆమె కొంగుకు కట్టండి. మనవలు ఆట కావాలంటే దాదీ దగ్గరకు వెళ్ళి అడగాలి. పాఠం అయిందా, నమాజు అయిందా, అన్నం తిన్నారా అని ఆమె అడుగుతుంది. సెలవులకు వచ్చి కూడా ఆమెతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడని పిల్లలు ఆ తాళంచెవి కోసమైనా ఆమె మంచం పక్కన కూర్చుంటారు. ఆమె భయపడ్డది ఆటకు అధికారం వస్తుందని. తాళంచెవి తన దగ్గరే ఉన్నప్పుడు ఆమెకు ఆ భయం ఉండదు.

ఖర్చు విషయంలో మాత్రం అదుపు ఉండాలి. ఇంట్లో ఉన్న స్టాండునూ, ఉన్న పెట్టెలనూ వాడుకోవడం పొదుపు. ఇదే వంకతో కొత్త పెట్టెలు సేకరించడం, రంగుదీపాలు బిగించడం, వడ్రంగికి మరొక అల్మారా పురమాయించడం మొదలైతే అది వ్యసనం కిందికే వస్తుంది. ఆ వ్యసనం పిల్లలది కాదు, పెద్దలది. పని చేయని పెట్టె ఉంటే చెత్తలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. టేకు స్టాండు లేని ఇంటివారు చింతించనక్కరలేదు. గోడ అల్మారాలో ఒక అర, దానికి ముందు ఒక తెర, ఒక స్విచ్చి ఉంటే సరిపోతుంది. ఆ తెరను వేళకు తీసేవారూ, వేళకు వేసేవారూ ఇంట్లో ఎవరో ముందే తేల్చుకోండి, వడ్రంగిని తర్వాత పిలవవచ్చు.